పదకొండు నిమిషాల బస్సు

నమోదు 3,107. రోజు 1.

ఈ పుస్తకంలో ఆటలో దొరికిన తప్పులు మాత్రమే రాయాలి. మొదటి గడిలో తప్పు ఏమిటో, రెండో గడిలో అది ఎక్కడ దొరికిందో, మూడో గడిలో తీర్పు. మొదటి రెండు గడులూ నేను నింపుతాను. మూడోది పెద్దవాళ్ళు ముగ్గురూ నింపేవారు, ‘సరిచెయ్యి’ అనో ‘ఉండనీ’ అనో. నిన్న మధ్యాహ్నం ఆ ముగ్గురూ నడిమజిలీలో ఓడ దిగిపోయారు. ఇక ఈ పుస్తకం చదివేవాళ్ళు లేరు. అందుకని ఇవాల్టి నుంచి నాకు తోచింది రాసుకుంటాను.

నా పేరు పైడితల్లి. గోస్తని ఓడలో, ముక్కోణం ఆటల స్టూడియోలో, పంతొమ్మిదేళ్ళుగా తప్పులు పట్టే ఉద్యోగం. ఓడంతా కలిసి ఆడే ‘వీధి’ మాదే. కళ్ళజోడు, చేతితొడుగులు పెట్టుకుంటే భూమ్మీది ఒక వీధిలోకి వెళతారు. అక్కడ ఒక టీ బడ్డీ, ఒక బస్టాపు, పోలమ్మ ఇంటి పెరడు, ఒక కుక్క ఉంటాయి. బస్సెక్కి వీధి చివర దిగితే ఆట అయినట్టు. అందులో గెలవడానికి ఏమీ లేదు. అయినా ఓడలో ఉన్న ఆరువేల మందిలో రోజుకు రెండువేల మంది ఆడతారు. మనం దిగాల్సిన చోటు ఇంకా నలభై ఏళ్ళ దూరంలో ఉంది మరి, ఏం చేస్తారు.

ఈ ప్రయాణం మొత్తానికి నడిమజిలీ ఒక్కటే మజిలీ. అక్కడ పెద్ద ఆటల కంపెనీ ఒకటి ఉంది. కథ అల్లే హైమవతి గారిని, కోడ్ రాసే సత్యం గారిని, బొమ్మలు వేసే కిష్టమూర్తి గారిని అది పిలిచింది. వాళ్ళు వెళ్ళారు. వెళ్ళేముందు గోడ మీద కృతజ్ఞతల కాగితం అంటించారు. అందులో వంటశాల కాఫీ యంత్రానికి కూడా కృతజ్ఞత ఉంది. నా పేరు లేదు. నాకు బాధేసింది. ఎవరూ చదవరు కదా, అందుకని రాస్తున్నాను. ఆ కాగితంలో రెండు అచ్చుతప్పులు కూడా ఉన్నాయి.

నమోదు 3,108. రోజు 2.

గదుల కేటాయింపు అధికారి తవిటయ్య గారు టేపు పట్టుకుని వచ్చారు. ఈ ఏడు తోట అంతస్తులో మామిడి విరగకాసింది. ఆవకాయ జాడీలకు చోటు లేదు. మా గదేమో చల్లగా, పొడిగా, వంటశాల పక్కనే ఉంది.

“ముక్కోణం అంటే మూడు మూలలు కదమ్మా. మూడూ దిగిపోనాయి. మరింక గదిలో ఏటున్నట్టు?” అన్నారు.

“మేం ముగ్గురం ఉన్నాం కదండీ.”

“మీరు మూలలు కారు. మీరు మద్దిన ఉన్నోళ్ళు.”

మధ్యన ఉన్నవాళ్ళం ఎవరంటే, నేను, చప్పుళ్ళు చేసే లోకనాథం గారు, కిష్టమూర్తి గారి దగ్గర రంగులు నింపే దమయంతి. లోకనాథం గారికి యాభై ఎనిమిదేళ్ళు, అలక ఎక్కువ. దమయంతి ఓడలోనే పుట్టిన పిల్ల, ఇరవై నాలుగు నిండాయి, భూమిని చూడలేదు.

తవిటయ్య గారు రూలు చదివి వినిపించారు. ముఖ్యులు వెళ్ళిపోయిన ఏ పనిగదికైనా నలభై రోజుల గడువు. నలభయ్యో రోజు సాయంత్రం ఆరింటికి వీధిలో వెయ్యిమంది ఉండాలి. తగ్గితే గది జాడీలకి. మా యంత్రం చెప్పే లెక్క చెల్లదు, ఆయనే కళ్ళజోడు పెట్టుకుని వచ్చి తలలు లెక్కపెడతారు. “మీ మిషను మీ మాటే సెప్తాది” అన్నారు. గది పోతే ఎవరికి ఏ పని అన్నది కూడా రాసుకొచ్చారు. లోకనాథం గారు తోటకి, దమయంతి చాకిరేవుకి. నేను జాడీల మూతలు సరిగా పడ్డాయో లేదో చూడాలి.

“తప్పులు పట్టడం మీకలవాటే కదా” అన్నారు. ఆయన వెటకారానికి అనలేదు, నిజంగా నా మేలు కోరే అన్నారు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

నమోదు 3,109 నుంచి 3,111. రోజు 4.

నాకొక మంచి ఆలోచన వచ్చింది. పుస్తకం మొదటి నుంచి తిరగేసి, ముగ్గురూ ‘ఉండనీ’ అని వదిలేసిన తప్పులన్నీ ఏరాను. రెండువందల పద్నాలుగు తేలాయి. పంతొమ్మిదేళ్ళుగా ఇవి నా కంట్లో నలుసులు. నమోదు 17, బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నమోదు 212, పోలమ్మ పెరట్లో బట్టలారేసే తాడు లాగితే ఎంతకీ అయిపోదు. నమోదు 640, ఏ టీ అడిగినా బడ్డీ సూరన్న అల్లం టీయే ఇస్తాడు. నమోదు 1,188, కుక్క గోడలోంచి వస్తుంది.

ఇవన్నీ సరిచేస్తే మా వీధికి వంకపెట్టేవాడు ఉండడు. జనం విరగబడి వస్తారు. లోకనాథం గారికి సత్యం గారి కోడ్ కొద్దో గొప్పో తెలుసు. ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టాను.

నమోదు 3,112. రోజు 12.

అన్నీ సరిచేశాం. బస్సు టైముకొస్తోంది. తాడు ఆరు గజాలకి ఆగుతోంది. కుక్క గేటులోంచి వస్తోంది. నా ఉద్యోగంలో ఇంత తృప్తి ఎప్పుడూ లేదు.

నమోదు 3,113. రోజు 15.

సాయంత్రం ఆరింటికి వీధిలో జనం నాలుగువందల ఆరుగురు.

నిన్న ఐదువందల తొంభై. మొన్న వెయ్యిన్నూట యాభై. నేను రెండుసార్లు చూశాను. లెక్కలో తప్పు లేదు. ఉంటే బాగుండేది.

ఇంజను గదిలో పనిచేసే గవరమ్మ భోజనాల దగ్గర నన్ను పట్టుకుంది. మా వీధికి మొదటినుంచీ రోజూ వచ్చే మనిషి.

“ఏటి సేసీసేవు పైడమ్మా వీధిని?”

“బాగుచేశాను.”

“బస్సు టైముకొచ్చీసినాక నానూ, ఆ తొమ్మిదో అంతస్తు సీతాలూ మాటాడుకునేదెప్పుడు? అదెల్లేసరికి నాను రాను, నానెల్లేసరికి అది రాదు. టాపు కాడ ఆ పది నిమిషాలే కదా మాకు. బస్సెక్కడానికెవులొచ్చేరు?”

నేను అన్నం కలుపుతూ ఆగిపోయాను. పంతొమ్మిదేళ్ళు ఆ బస్టాపులో వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. పక్కన జనం మాట్లాడుకుంటున్నారని చూడనేలేదు.

నమోదు 3,114. రోజు 16.

హైమవతి గారికి కబురు పెట్టాను. ఓడ నడిమజిలీ నుంచి దూరమయ్యే కొద్దీ కబురు అందడం రోజుకు పద్నాలుగు నిమిషాల చొప్పున ఆలస్యమవుతోంది. ఇప్పటికి పోవడానికి దాదాపు నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. నేను అడిగింది ఒక్కటే. ‘అమ్మా, ఆ బస్సు ఆలస్యంలోనే ఆటంతా ఉందని మీకు ముందే ఎలా తెలిసింది? మిగిలిన ‘ఉండనీ’ల వెనకున్న మర్మం కూడా చెప్పండి. లేకపోతే ఆవకాయ పాలైపోతాం.’

పొద్దున పంపితే సాయంత్రానికి జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

“పైడితల్లీ, బాగున్నావా? బస్సు ఆలస్యంగా వస్తుందా? నాకు తెలియదే. సత్యాన్ని అడిగాను, తనకీ తెలియదట. నీ పుస్తకం తను చదువుతున్నాడని నేను, నేను చదువుతున్నానని తను అనుకున్నాం. కిష్టమూర్తి ఇప్పుడు ఒప్పుకున్నాడు. పుస్తకం తన బల్ల మీదకొచ్చేదట. ‘సరిచెయ్యి’ అంటే సత్యం అలుగుతాడని, ఒక్క ముక్కలో ఉన్న చిన్నవాటికి తప్ప, పొడుగ్గా ఉన్నవాటన్నిటికీ చదవకుండానే ‘ఉండనీ’ రాసేసేవాడట. మర్మం ఏమీ లేదమ్మా. ఏమనుకోకు. నువ్వే చూసుకో.”

నేను ఈ పుస్తకం మూసి, దాని మీద కూర్చున్నాను. లోకనాథం గారు టీ తెచ్చిచ్చి వెళ్ళారు. మూడు వేల తప్పులు గుండ్రటి అక్షరాలతో రాశాను. వాటి కింద గీత కూడా స్కేలు పెట్టి గీశాను.

నమోదు 3,115. రోజు 17.

కోపం తగ్గాక ఒక సంగతి తట్టింది. హైమవతి గారికి కథ తెలుసు. సత్యం గారికి కోడ్ తెలుసు. కిష్టమూర్తి గారికి బొమ్మ తెలుసు. వీధి మాత్రం ముగ్గురికీ తెలియదు. రోజూ ఆ వీధిలో తిరిగింది నేను ఒక్కదాన్నే.

ముగ్గురం కూర్చుని సరిచేసినవన్నీ మళ్ళీ చెడగొట్టడం మొదలుపెట్టాం. తాడు, టీ, కుక్క, బస్సు. మూడో గడి మాత్రం నేను ముట్టుకోలేదు. అది పెద్దవాళ్ళ గడి.

నమోదు 3,117. రోజు 21.

ఏడువందల ముప్పై మంది వచ్చారు. అక్కడే ఆగింది. తవిటయ్య గారు మళ్ళీ వచ్చి కిటికీ కొలుస్తుంటే, వీధి మళ్ళీ పాతలాగే నడుస్తోందని గొప్పగా చెప్పాను.

“ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడానికి స్టూడియో ఎందుకమ్మా? తాళంకప్ప సాలదా?” అన్నారు.

ఆయన అన్నది నిజమే. వీధికి కొత్త అధ్యాయం చెయ్యాలి. మేము ముగ్గురమే చెయ్యాలి.

నమోదు 3,118. రోజు 23.

రెండు రోజులుగా వాదనలు. లోకనాథం గారికి విషాదగీతం కావాలి. దమయంతికి బస్సు ఎగరాలి.

“మనం ఎగురుతూనే ఉన్నాం కదే, ఇరవై ఐదేళ్ళుగా” అన్నాను.

చివరికి నాకు గుర్తున్నది చెప్పాను. నేను ఓడెక్కక ముందు, విజయనగరం వెళ్ళే బస్సొకటి దారిలో ఆగిపోయింది. జనం తిట్టుకుంటూ దిగారు. తిట్టుకుంటూనే తోశారు. బస్సు కదిలేసరికి అందరూ ఒకరికొకరు చుట్టాలైపోయారు. ఎవరో అరటిపళ్ళు పంచారు. నేను పరీక్షకు ఆలస్యంగా వెళ్ళాను. ఆ పరీక్షలో ఏం రాశానో గుర్తులేదు గానీ ఆ అరటిపండు గుర్తుంది.

దమయంతి నమ్మలేదు. “బస్సాగిపోతే జనం తొయ్యడమేటక్కా? బాగుసేసేవోళ్ళు రారేటి?”

“వస్తారు. మర్నాడు వస్తారు.”

“అంతవరకూ?”

“అంతవరకూ తొయ్యడమే.”

లోకనాథం గారు లేచి వెళ్ళి, బస్సు స్టార్టవబోయి ఆగిపోయే చప్పుడు నోటితో చేసి చూపించారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అదే చప్పుడు. అధ్యాయం అక్కడ కుదిరింది. ఇరవైమంది కలిసి తోస్తే బస్సు కదలాలి.

నమోదు 3,126. రోజు 38.

పని అయింది. బస్సు కొత్త బొమ్మ, బరువు, చక్రాలు అన్నీ దమయంతే చేసింది. పరీక్షించాను. ముగ్గురం కలిసి తోశాం. ఇసుమంత కూడా కదల్లేదు. ఇరవైమంది తొయ్యాల్సిన బస్సుని ముగ్గురం కదపలేకపోవడం సరైనదే కాబట్టి తప్పు రాయలేదు. ఇంకో పదిహేడు మందిని పిలుద్దామని దమయంతి అంది. కొత్త అధ్యాయం విడుదలకి ముందు బయటివాళ్ళ కంట పడకూడదన్నది ముక్కోణం మొదటి రోజు నుంచీ ఉన్న నియమం. పెద్దవాళ్ళు పెట్టింది. వద్దన్నాను.

నమోదు 3,127. రోజు 40. ఉదయం.

ఎనిమిదింటికి వదిలాం. ఎనిమిదీ పదకొండుకి బస్సొచ్చింది. టీ బడ్డీ దాటాక ఆగింది. లోకనాథం గారి చప్పుడుకి జనం నవ్వారు. ఇరవై ఐదుగురు దిగి తోశారు. కదల్లేదు.

నలభైమంది తోశారు. కదల్లేదు.

తొంభైమంది. బస్సు వెనక చోటు లేక ఒకరి వీపు మీద ఒకరు తోశారు. కదల్లేదు.

నేను కళ్ళజోడు తీసి దమయంతి వైపు తిరిగాను. “బస్సుకి బరువెంత పెట్టావు?”

“ఐదొందల టన్నులక్కా.”

“పది టన్నులుండాలే!”

“బస్సుకి ఇంజనుంటాదని నువ్వే సెప్పినావు కదా. ఓడ పుస్తకంలో ఇంజను బరువు సూసి ఏసీసేను. అదే సిన్న ఇంజను మరి” అంది. ఏడుపొక్కటే తక్కువ.

ఆ పిల్లని ఏమని తిట్టను? దానికి తెలిసిన ఇంజను అదొక్కటే. తప్పు పట్టాల్సింది నేను. పంతొమ్మిదేళ్ళలో నేను వదిలేసిన ఒకే ఒక్క తప్పు, ఇవాళే, దీని మీదే. సరిచెయ్యాలంటే వీధిని నాలుగు గంటలు మూసెయ్యాలి. మూస్తే జనం పోతారు. మూతలు చూసే ఉద్యోగం కళ్ళముందు కనిపించింది.

“మూసేద్దామా?” అన్నారు లోకనాథం గారు.

“ఆగండి. వాళ్ళింకా వెళ్ళలేదు” అన్నాను.

అదే రోజు. సాయంత్రం.

వాళ్ళు వెళ్ళలేదు. అలిసినవాళ్ళు సూరన్న బడ్డీ దగ్గర అల్లం టీ తాగి మళ్ళీ వచ్చారు. భోజనాల దగ్గర ఈ బస్సు సంగతి తప్ప ఇంకోటి లేదట. ఇంజను గదిలో డ్యూటీ దిగినవాళ్ళు నేరుగా వీధిలోకొచ్చారు. మూడింటికి మూడువందల మంది అయ్యారు. అప్పుడు గవరమ్మ పోలమ్మ పెరట్లోకి వెళ్ళి, బట్టలారేసే తాడు లాగడం మొదలుపెట్టింది. అది ఎంతకీ అయిపోని తాడు. లాగి, లాగి, బస్సు ముందు కొసకి ముడేసి, రెండు వరసలుగా వీధి చివరిదాకా పరిచింది. ఇంక రథం లాగినట్టే. వెనక తోసేవాళ్ళు తోస్తుంటే ముందు లాగేవాళ్ళు లాగారు. కుక్క గోడలోంచి వచ్చి, చూసి, మళ్ళీ గోడలోకి పోయింది.

ఐదున్నరకి తవిటయ్య గారు వీధిలోకొచ్చారు. చేతిలో నొక్కితే అంకె పెరిగే లెక్క యంత్రం. తాడు పక్కనే నడుస్తూ టిక్కు టిక్కుమని నొక్కుకుంటూ వస్తున్నారు. నేను ఆయన వెనకే నడిచాను. ఐదువందలు. ఆరువందలు. ఏడువందల నలభై మూడు దగ్గర గవరమ్మ ఆయనకి ఎదురుపడింది.

“ఊరికినే నిలబడ్డారేటి బావూ? రెండు సేతులూ ఉన్నాయి కదా. పట్టండి.”

“నాను లెక్కకొచ్చేనమ్మా.”

“ముందది కదిలితే తరవాత లెక్కెట్టుకోవచ్చు. పట్టండి.”

ఆయన యంత్రం జేబులో పెట్టుకుని తాడు పట్టుకున్నారు. నేను ఆయన వెనక పట్టుకున్నాను. పంతొమ్మిదేళ్ళలో ఆ వీధిలో నేను ఒక వస్తువుని తప్పు కోసం కాకుండా పట్టుకోవడం అదే మొదలు. ఎవరో ఐలేసా అన్నారు. వీధంతా అంది. తొడుగుల్లో చేతులు మండిపోతున్నాయి. నా ముందు తవిటయ్య గారి మెడ ఎర్రబడింది. ఆరింటికి ఓడ గంట మోగుతుండగా తాడు నా చేతుల్లో ఒక్క జానెడు కదిలింది. తర్వాత ఇంకో జానెడు. లోకనాథం గారు ఎక్కడున్నారో గానీ, బస్సు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నేను చూసిందేమీ నాకు సరిగా గుర్తులేదు. తవిటయ్య గారు ఎవరో కుర్రాణ్ణి కావలించుకుని ఉన్నారు.

గదిలోకొచ్చి ఆయన యంత్రం బల్ల మీద పెట్టారు. ఏడువందల నలభై మూడు.

“లెక్క అక్కడాగిపోనాదమ్మా. తరవాత నాను పట్టినాను” అన్నారు. తర్వాత దమయంతిని పిలిచారు. “పది టన్నులకి ఎంతమంది అన్నావు?”

“ఇరవైమందండీ.”

“మరి ఐదొందలకి?” కాగితం మీద హెచ్చవేసుకున్నారు. వెయ్యి వచ్చింది. మళ్ళీ వేసుకున్నారు. “బస్సు కదిలింది. నాను సూసినాను. కదిలిందంటే వెయ్యికి తగ్గరు” అని, వెయ్యి అని రాసి సంతకం పెట్టారు. వెళుతూ గుమ్మంలో ఆగారు. “నలభై జాడీలు మాత్రం ఓ మూలనెట్టుకోండమ్మా, నా మాట దక్కించండి. ఇంతకీ రేపు కూడా ఆగిపోతాదా బస్సు?”

నమోదు 3,131. రోజు 47.

గవరమ్మ ఫిర్యాదు తెచ్చింది. “టాపు కాడ ఒకావిడ నిలబడుంటాది. పలకరిస్తే పలకదు. మర్నాడు ఎవులూ నేని ఏపు తిరిగి, బాగున్నానమ్మా అంటాది. దెయ్యమేటి?”

వెళ్ళి చూశాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడే ఆ తీరు నాకు తెలుసు. హైమవతి గారు. స్టూడియోవాళ్ళు వీధిలోకి రావడానికి వాడే ఆవిడ పాత తాళం ఇంకా పనిచేస్తోంది. నడిమజిలీ నుంచి వీధిలోకొచ్చారు. మనం అన్నది ఆవిడకి అందడానికి పదకొండు గంటలు, ఆవిడ అన్నది మనకి రావడానికి పదకొండు గంటలు.

ఆవిడ ఖాళీ గాలివైపు చూస్తూ, “పైడితల్లి వస్తుంటుందా ఇక్కడికి?” అన్నారు.

“ఇక్కడే ఉన్నానమ్మా” అన్నాను. తర్వాత బస్సొచ్చింది. నేను ఎక్కలేదు.

నమోదు 3,132. రోజు 48.

ఇవాళ నిన్నటికంటే రెండు గంటల ముందే వెళ్ళి, నిన్న నిలబడ్డ చోటే నిలబడ్డాను. పక్కన లోకనాథం గారు ఉన్నారు. కాసేపటికి హైమవతి గారు సరిగ్గా నా వైపు తిరిగారు.

“ఉన్నావా పైడితల్లీ. ఆ కాగితంలో నీ పేరు రాయలేదని దిగాక గుర్తొచ్చింది. ముగ్గురిలో ఎవరో ఒకరు రాసి ఉంటారని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. అది కూడా తప్పే. పుస్తకంలో రాసుకో.” వీధి చివరకు చూశారు. “బస్సు ఆగిపోతుందటగా? నేను తోసేదాకా ఉంటాను.”

ఆవిడ చూసి తోసేసరికి ఇక్కడ బస్సు వెళ్ళి పదకొండు గంటలవుతుంది. లోకనాథం గారు నా చెవిలో, “ఆ పాత తాళం మూసెయ్యనా? గవరమ్మోళ్ళు జడుసుకుంటన్నారు” అన్నారు. నేను గదికొచ్చి పుస్తకం తీశాను.

తప్పు: ప్రయాణికురాలు ఒకరు పదకొండు గంటలు ఆలస్యంగా మాట్లాడుతున్నారు. ఆలస్యం రోజుకు పద్నాలుగు నిమిషాలు పెరుగుతోంది.

ఎక్కడ: బస్టాపు.

తీర్పు: ఉండనీ.